కురిసే ఇంటి తాళం

చుక్క పడింది.

సరిగ్గా ‘ఱ’ మీద పడింది. ఐదో తరగతి పిల్ల ఎవరో నాలుక బయటపెట్టి, కష్టపడి దిద్దిన అక్షరం. సిరా నీలంగా విచ్చుకుంది. కాగితం కొంచెం ఉబ్బింది. అక్షరం కరిగి, గీతల మధ్య చిన్న మరకై... నిలిచిపోయింది.

జీవరాజు తలెత్తి చూడలేదు. పుస్తకాన్ని పక్కకు జరిపాడు.

రెండో చుక్క బల్ల మీద పడింది. మూడోది ఆయన మణికట్టు మీద.

పుస్తకాన్ని మళ్ళీ జరిపాడు. తర్వాత బల్లను జరిపాడు. తర్వాత కుర్చీని. గంట గడిచేసరికి గది మూలలో, గోడకు ఆనుకుని, ఒళ్ళో పుస్తకాల దొంతరతో కూర్చుని ఉన్నాడు ముప్పై ఎనిమిదేళ్ళ తెలుగు పంతులు — తన ఇంట్లోనే చుట్టపుచూపుగా వచ్చినవాడిలా.

ఇల్లు ఎక్కడెక్కడ కురుస్తుందో ఆయనకు తెలియదు.

తెలుసుకోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు.

కాంతమణికి తెలుసు.

అది పంతొమ్మిది వందల నలభై ఎనిమిదో సంవత్సరం. ఆషాఢ మాసం. అప్పటి సీతాఫల్‌మండి వేరు. అన్నీ పెంకుటిళ్ళు. ఇళ్ళ మధ్య ఖాళీ జాగాలు. జాగాల నిండా తంగేడు పొదలు. పొద్దుటి రైలు కూత వినబడితే ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టేవాళ్ళు. రైల్వే వర్క్‌షాపు కూత వినబడితే అన్నం వార్చేవాళ్ళు. గడియారం ఉన్న ఇల్లు వీధికి ఒకటి ఉంటే గొప్ప.

ఆ ఇల్లు కాంతమణిది. కాగితాల మీద జీవరాజు పేరే ఉంది. కానీ గోడ లేచినా, కప్పు నిలిచినా కాంతమణి చేతుల వల్లే. కాంతమణి, ఆమె తల్లి బుచ్చమ్మ — ఇద్దరి చేతుల వల్ల.

బన్సీలాల్‌పేటలో పెంకులు కప్పే పనికి బుచ్చమ్మ పెట్టింది పేరు. మొగుడు పోయాక మగవాళ్ళతో సమానంగా కప్పులెక్కింది. ఒక్కగానొక్క కూతుర్ని వెంట తీసుకెళ్ళేది. ఆ కూతురు తల్లికి పెంకులు అందిస్తూనే మిషన్ బడిలో చదువుకుంది. ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పే టీచరమ్మ అయింది. తెనాలి దగ్గర పల్లె నుంచి ఉద్యోగానికి వచ్చిన తెలుగు పంతుల్ని పెళ్ళాడింది.

టీచరమ్మ అయ్యాక కూడా, ఏటా మృగశిర కార్తెకు ముందు, కొంగు నడుముకు బిగించి కప్పెక్కేది.

కింద నిచ్చెన పట్టుకుని జీవరాజు నిలబడేవాడు.

ఊరికే నిలబడడం చేతకాక పద్యాలు చదివేవాడు. రాగం తీసి, చేయి ఊపి మరీ చదివేవాడు.

“పద్యం తర్వాత. ముందు నిచ్చెన గట్టిగ పట్టుకోండి” అని పైనుంచి నవ్వేది ఆమె.

ఆ నవ్వుకు చూరులోని పిచ్చుకలు లేచిపోయేవి.

బావి గిలక కిర్రుమంటే కాంతమణి. గడియ జారితే కాంతమణి. పొయ్యి బీటలిస్తే కాంతమణి. పన్నెండేళ్ళు ఆయన చేతులకు సుద్దముక్క కన్నా బరువైనది తెలియలేదు. తెల్లటి చేతులు. మెత్తటి చేతులు. “మీ చేతులు పసిపిల్ల బుగ్గలండీ” అనేది ఆమె. అది మెప్పో, ఎత్తిపొడుపో ఆయన ఎన్నడూ అడగలేదు.

వైశాఖంలో ఆమెకు జ్వరం వచ్చింది.

పదకొండు రోజులు.

మందులు దొరకని రోజులవి. నిజాం సంస్థానం చుట్టూ సరిహద్దులు మూసేశారు. ఉప్పుకే కరువు, కిరసనాయిలుకే కరువు. డాక్టరు వచ్చి, చేయి పట్టుకుని చూసి, తడిగుడ్డ వేయమని చెప్పి వెళ్ళేవాడు. జీవరాజు తడిగుడ్డ వేసేవాడు. అది ఆరేది. మళ్ళీ వేసేవాడు.

తొమ్మిదో రోజు పొద్దున ఆమె కళ్ళు తెరిచింది. గొంతు చాలా మామూలుగా ఉంది.

“మా అమ్మను పిలిపియ్యండి. ఒకపారి సూడాలనిపిస్తున్నది.”

“రేపు కబురు పంపుతాలే” అన్నాడు జీవరాజు.

బన్సీలాల్‌పేట ఎంత దూరమని. కోసెడు దూరం. నడిచి వెళ్ళి నడిచి రావచ్చు.

కానీ తల్లిని పిలిపించడమంటే... ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. ఆ అర్థాన్ని ఆయన గుమ్మం లోపలికి రానివ్వలేదు.

రేపు అన్నాడు.

పదో రోజు కూడా రేపు అన్నాడు.

పదకొండో రోజుకు రేపు లేదు.

ఎండ మండుతోంది, ఆలస్యం వద్దన్నారు చర్చి సంఘం పెద్దలు. ఆ సాయంత్రమే మట్టి చేశారు. బుచ్చమ్మకు కబురు మర్నాడు అందింది, అదీ కూరగాయలమ్మే మనిషి నోటి ద్వారా.

ఆమె వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రాలేదు. ఏడవలేదు. తలెత్తి కప్పు వంక చూసింది — చాలాసేపు చూసింది. జీవరాజు లేచి గుమ్మం దాకా వచ్చాడు. నోరు తెరిచాడు.

ఆమె వెనుదిరిగింది. ఆమె కాళ్ళ కడియాల చప్పుడు వీధి చివర దాకా ఆయనకు వినబడింది.

తర్వాత ఇంట్లో ఒక్కొక్కటే పట్టు వదలడం మొదలుపెట్టింది.

ముందు గిలక. చేద వేసినప్పుడల్లా వీధంతా ఉలిక్కిపడేలా అరిచేది. తర్వాత పెరటి తలుపు గడియ. తర్వాత మంచం — నులక వదులై, పడుకుంటే వీపు నేలను తాకేది. తర్వాత పొయ్యి. నిలువునా చీలింది. ఆ పూట నుంచి వండుకోవడం మానేశాడు. అటుకులు నమిలేవాడు. ఒక్కోసారి అవీ లేవు. గడ్డం పెరిగింది. చొక్కా గుండీ ఊడితే ఊడినట్టే బడికి వెళ్ళేవాడు. బళ్ళో పిల్లలు నవ్వలేదు. అది ఇంకా కష్టంగా ఉండేది.

బడిలో పిల్లలు కూడా తగ్గిపోతున్నారు. రజాకార్ల కవాతులు, రోజుకో పుకారు. భయపడినవాళ్ళు బెజవాడ వైపు పోతున్నారు. రైలుబండ్లు ఒక రోజు నడిస్తే ఇంకో రోజు నడిచేవి కావు. పక్కింటి పర్వతాలు వర్క్‌షాపులో పని వదిలేసి, పెళ్ళాం పిల్లలతో మూట కట్టుకున్నాడు.

“నడువుండ్రి సారూ, మాతోని. ఈడ ఎవరున్నరు మీకు?” అన్నాడు.

ఎవరున్నారు... నిజమే.

తెనాలి నుంచి అన్నయ్య ఉత్తరం కూడా వచ్చింది. అక్కడి బడిలో చోటు చూస్తానన్నాడు. జీవరాజు ట్రంకు పెట్టె సర్దుకున్నాడు. ఇంటికి తాళం వేశాడు. తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని, జీవితంలో అన్నిటికన్నా కష్టమైన కోసెడు దూరం నడిచాడు.

బుచ్చమ్మ గుడిసె ముందు కూర్చుని ఉంది. చుట్టూ గూన పెంకులు. ఒక్కో పెంకును ఎత్తి, వేలి కణుపుతో కొట్టి, చెవి ఒగ్గి వింటోంది. మంచి పెంకు ఖంగుమంటుంది. కనబడని పగులు ఉన్నది మొద్దుగా పలుకుతుంది. ఖంగుమన్నవి కుడి పక్కకు. మొద్దువి ఎడమ పక్కకు.

ఆయన నీడ పెంకుల మీద పడ్డా తలెత్తలేదు.

“ఊరికి వెళ్ళిపోతున్నాను అత్తమ్మా. మా అన్నయ్య రమ్మన్నాడు.” తాళంచెవి ముందుకు చాపాడు. “ఇది మీ దగ్గర ఉంచండి. మీరు కట్టిన ఇల్లు.”

ఖంగ్... ఇంకో పెంకు కుడి పక్కకు వెళ్ళింది.

“కురుస్తున్నదా?” అంది.

“కురుస్తోంది.”

“కురిసే ఇంటి తాళం నాకెందుకు పంతులూ. బాగుచేసి ఇయ్యి. అప్పుడు తీస్కుంట.”

“నాకు చేతకాదు అత్తమ్మా.”

“ఎర్కే” అంది బుచ్చమ్మ. “శనారం పొద్దుగాల వస్త.”

ఆమె వచ్చి బాగుచేస్తుందనుకున్నాడు ఆయన.

శనివారం పొద్దున వచ్చింది. మునగచెట్టు కింద రాయి మీద కూర్చుంది. కొంగున కట్టిన పొగాకు విప్పి నోట్లో వేసుకుంది. ఇల్లంతా కళ్ళతోనే ఒకసారి తడిమింది. కళ్ళు చివరకు ఆయన మీద ఆగాయి.

“ముందుగాల ముఖం కడుక్కరా. తల దువ్వుకో. గడ్డం తీయి.”

“కప్పు సంగతి...”

“కప్పు యాడికి పోతది? తిండి లేనోడు నిచ్చెన ఎక్కితే కిందికే వస్తడు. కప్పు కాదు, ముందుగాల మనిషి నిలవడాలె.”

జొన్నరొట్టె, కారం తెచ్చింది. ఎదురుగా కూర్చోబెట్టి తినిపించింది. రెండో రొట్టె ఆయనకు గొంతు దిగలేదు.

“ఆకలి కాకున్న సుత తిను. ఆకలి మర్సిపోయిందంతే. యాది చెయ్యాలె దానికి.”

తిన్నాడు. మూడు నెలల్లో కడుపు నిండా తినడం అదే మొదటిసారి.

ఆ రోజు పని గిలక ఒక్కటే. దించి, తుప్పు గీకి, ఇరుసుకు ఆముదం పూసి, మళ్ళీ ఎక్కించాడు. ఉత్త గంట పని. పూట పట్టింది. వేలు నలిగింది. చేద బావిలోకి దిగుతుంటే చప్పుడు లేదు. నీళ్ళను తాకిన చప్పుడు మాత్రం మెత్తగా వచ్చింది. ఆయన మళ్ళీ వేశాడు. మళ్ళీ తోడాడు. అక్కర లేకపోయినా పది చేదలు తోడి మునగచెట్టుకు పోశాడు.

బుచ్చమ్మ లేచి కొంగు దులుపుకుంది. వెళ్ళిపోయింది.

శనివారాలు అలా వచ్చాయి.

ఒక శనివారం గడియ. ఒక శనివారం మంచం — కాళ్ళవైపు తాడు విప్పి, వరుస వరుసా లాగి బిగించడం. “లాగు. ఇంక లాగు. నీ బలం నీకే ఎర్క లేదు” అనేది బుచ్చమ్మ. చేతులు బొబ్బలెక్కాయి. బొబ్బలు పగిలాయి. ఆ చోట చర్మం గట్టిపడింది. నల్లబల్ల మీద రాస్తూ ఒక రోజు తన అరచేతిని తానే ఆగి చూసుకున్నాడు... ఎవరి చెయ్యో అనిపించింది.

పొయ్యికి మాత్రం మూడు శనివారాలు పట్టింది. మట్టిని కాలితో తొక్కి, గడ్డి తరిగి కలిపి, చేత్తో మెత్తాడు. మొదటిది ఆరకముందే బీటలిచ్చింది. రెండోది వంగిపోయింది. రెండోది వంగిన పూట ఆయన మట్టి చేతులతోనే నేల మీద కూలబడి ఏడ్చాడు. పెద్దగా ఏడ్చాడు. పొయ్యి కోసం కాదు.

బుచ్చమ్మ చూస్తూ కూర్చుంది.

“ఏడువు” అంది. “ఏడిస్తే తప్పు లేదు. గని ఏడ్చినంక చేతులు కడుక్కోని మల్ల మట్టి కలుపు. ఎండిపోతది.”

ఏడ్చాడు. చేతులు కడుక్కున్నాడు. మళ్ళీ కలిపాడు.

మూడో పొయ్యి నిలిచింది.

ఇంకో మాట చెప్పింది ఆ రోజే, వెళ్ళబోతూ, గుమ్మం వైపు తిరిగి. “దినాం ఒక్కపారి పేరువెట్టి పిలువు. గట్టిగ పిలువు. లోపల్నే కుక్కుకుంటే గోడకు చెమ్మ వట్టినట్టు వడతది.”

మర్నాటి నుంచి సాయంత్రం పూట, అరుగు మీద కూర్చుని, ఏ పనీ పెట్టుకోకుండా కాసేపు ఉండడం అలవాటు చేసుకున్నాడు. వర్క్‌షాపు వదిలాక మనుషులు పోయేవాళ్ళు. పొగలు లేచేవి. వీధి పలచబడ్డాక ఒక్కసారి — “కాంతమణీ” అనేవాడు. అంతే. లేచి లోపలికి వెళ్ళి అన్నం వండుకునేవాడు.

మొదటి రోజు పేరు సగంలోనే తెగింది. పదో రోజుకు పేరులో మాధుర్యం తిరిగి వచ్చింది.

ఒక్కటి మాత్రం గమనించాడు. పేరు పెట్టి పిలవమన్న బుచ్చమ్మ ఇన్ని శనివారాల్లో ఒక్కసారి కూడా కూతురి పేరెత్తలేదు. ఆ చివరి రోజుల గురించి ఏమీ అడగలేదు.

అడిగితే బాగుండుననుకునేవాడు. అడిగితే ఎలా అనీ అనుకునేవాడు.

భాద్రపదం వచ్చింది. కప్పు మిగిలింది.

సెప్టెంబరు పదమూడు, సోమవారం. యుద్ధం షురూ అయిందని ఊరంతా తలుపులు వేసుకుంది. భారత యూనియన్ సైన్యాలు నాలుగు వైపుల నుంచీ వస్తున్నాయన్నారు. బడి మూసేశారు. మిట్టమధ్యాహ్నం, ఖాళీ వీధిలో, చంకలో చిన్న మూటతో బుచ్చమ్మ నడిచి వచ్చింది.

“ఆడ ఒక్కదాన్ని కూసుంటే కాలు ఆగుతలేదు” అంది.

వంటింట్లో చాప పరుచుకుంది.

ఆకాశంలో విమానం మోత వినబడినప్పుడల్లా మనుషులు ఆకాశం వంక చూసేవాళ్ళు. ఆమె మాత్రం కప్పు వంక చూసేది. గురువారం నాటికి వాన వెనక్కి తగ్గింది. గాలి పొడిబారింది.

“ఇంట్ల కూసోని భయపడేకంటె పెంకులు దించుకుంట భయపడదాం. లే” అంది.

జీవరాజు మొదటిసారి నిచ్చెన ఎక్కాడు.

కింద నిలబడి పన్నెండేళ్ళు చూసిన కప్పు కాదది. పైనుంచి చూస్తే వేరే ఊరు. బూడిదరంగు, ఎరుపు, నాచు పట్టిన ఆకుపచ్చ... కప్పుల మీద కప్పులు, దూరంగా రైలు పట్టాల మెరుపు, ఇంకా దూరంగా బోయినపల్లి వైపు తాటిచెట్లు. ఇన్నేళ్ళూ ఆమె ఇది చూసింది. చూసి, కిందికి దిగి, ఏమీ చెప్పకుండా అన్నం వడ్డించింది.

“పెంకు మీద కాలు వెట్టకు. వాసం మీద వెట్టు” అని వెనుక నుంచి బుచ్చమ్మ గొంతు. అరవై దాటిన మనిషి, ఆయన కన్నా తేలిగ్గా ఎక్కి వచ్చింది.

దించారు. ఒక్కొక్కటే కొట్టి విన్నారు. ఆయన చెవికి ఇప్పుడు తేడా తెలుస్తోంది. శుక్రవారం పొద్దువాలేసరికి పడమటి వాలు పూర్తిగా తెరిచారు. గదిలో నిలబడితే ఆకాశం. అప్పుడే వీధిలో మాట పాకింది — నిజాం లొంగిపోయాడట, యుద్ధం ఆగిపోయిందట.

శనివారం తెల్లవారగానే కప్పడం మొదలుపెట్టారు. చూరు నుంచి కొప్పుకు. ఒక వరుస వెల్లకిలా, దాని అతుకుల మీద ఇంకో వరుస బోర్లా. నీళ్ళు పైనుంచి కిందికి వస్తాయి, పనివాడు కింది నుంచి పైకి పోతాడు. బుచ్చమ్మ అందిస్తోంది. ఆయన పరుస్తున్నాడు. ఆమె ఒక్క పెంకు కూడా పరచలేదు.

రెండు ఝాములు దాటాక దూరాన ఏదో ఉరిమినట్టయింది. ఉరుము కాదు. ట్రక్కులు. వీధి ఒక్కసారిగా తలుపులు తెరుచుకుంది. మనుషులు రోడ్డు వైపు పరుగెత్తారు — ముసలివాళ్ళు, చంటిపిల్లలతో ఆడవాళ్ళు, చేతికి దొరికిన పూలతో కొందరు. యూనియన్ సైన్యం వస్తోందట.

గడియారాలు బాగుచేసే ఎదురింటి ముసల్మాను సాబు తలుపు మాత్రం తెరుచుకోలేదు.

కప్పు మీద ఇద్దరే మిగిలారు.

వాన రాదనుకున్న బుచ్చమ్మ లెక్క తప్పింది. పడమట మబ్బు లేస్తోంది. నల్లగా, నిండుగా. ఇంకా ఆరు వరుసలు ఉన్నాయి.

ఎందుకు అప్పుడే నోరు తెరుచుకుందో జీవరాజుకు ఎన్నడూ తెలియలేదు. చేతులు పనిలో ఉన్నందుకేమో. ముఖం చూడనక్కర లేనందుకేమో. పెంకు పరుస్తూ, తల వంచుకునే చెప్పాడు.

“తొమ్మిదో రోజు మిమ్మల్ని పిలవమంది అత్తమ్మా.”

పెంకు అందిస్తున్న చేయి ఆగింది.

“మా అమ్మను పిలిపియ్యండి, ఒకసారి చూడాలనిపిస్తోంది అంది. నేను రేపన్నాను. పదో రోజూ రేపన్నాను. మిమ్మల్ని పిలిస్తే... ఇక బతకదని ఒప్పుకున్నట్టు అవుతుందని. నా భయం కొద్దీ పిలవలేదు. టైం లేక కాదు. దూరమై కాదు.”

బుచ్చమ్మ చేతిలో పెంకు జారింది. వాలు మీద దొర్లి, చూరు దాటి, కింద పగిలింది.

ఆమె నెమ్మదిగా, ఒక్కో మెట్టూ తడుముకుంటూ నిచ్చెన దిగింది. రెండు రోజులుగా పిల్లలా ఎక్కి దిగిన మనిషి. మునగచెట్టు కింద, ఇంటికి వీపు పెట్టి కూర్చుంది.

మొదటి చినుకు ఆయన మెడ మీద పడింది.

పిలవాలనుకున్నాడు. పిలవలేదు. పెంకులు అందించేవాళ్ళు లేరు. కిందికి దిగాడు. గంపలో పదేసి పెట్టుకుని, భుజాన ఎత్తుకుని ఎక్కాడు. పరిచాడు. దిగాడు. ఎక్కాడు. వాన అందుకుంది. రోడ్డు మీద జనం కేకలు, ట్రక్కుల మోత, వాన చప్పుడు — అన్నీ ఒకటే హోరు. కళ్ళలోకి నీళ్ళు. వాసం ఎక్కడుందో కాలే వెతుక్కుంది. రెండుసార్లు జారాడు. రెండుసార్లూ చేయి పట్టు దొరికింది.

ఇంకా ఐదు వరుసలు.

ఇంకా నాలుగు...

కొప్పు మీద చివరి పెంకు బోర్లించి, అరచేత్తో అదిమి, అలాగే కాసేపు ఉండిపోయాడు. చెంప పెంకుకు ఆనింది. తడి పెంకు వెచ్చగానే ఉంది.

దిగి వచ్చేసరికి మునగచెట్టు కింద ఎవరూ లేరు.

వెళ్ళిపోయిందనుకున్నాడు. వెళ్ళిపోవలసిందే అనుకున్నాడు.

వంటింట్లోంచి పొగ వస్తోంది. ఆయన కట్టిన పొయ్యి మీద గంజి ఉడుకుతోంది. పొయ్యి ముందు బుచ్చమ్మ. కొంగు తడిసి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొగకో, మరి దేనికో.

కంచం పెట్టింది. పోసింది. ఎదురుగా కూర్చుంది.

“నన్ను అడిగిందా” అంది.

“అడిగింది.”

“ఎట్లడిగింది? అదే మాట మల్ల చెప్పు.”

చెప్పాడు. ‘మా అమ్మను పిలిపియ్యండి. ఒకపారి సూడాలనిపిస్తున్నది.’ కాంతమణి అన్నట్టే, కాంతమణి యాసలోనే చెప్పాడు.

బుచ్చమ్మ కళ్ళు మూసుకుని వింది. ఇంకోసారి చెప్పమంది. ఇంకోసారి చెప్పాడు.

“నాలుగు నెల్లసంది ఒక్కటే అనుకున్న” అంది. “టీచరమ్మ అయింది, పెంకులు కప్పే తల్లిని పిలుచుకోనీకి నామోషీ అయిందేమో, ఆఖరికి సుత యాది చెయ్యలేదు అనుకున్న. ఆ మాట దినాం తిన్నది నన్ను. కప్పు మీద సుత తిన్నది.”

వాన జోరుగా కురుస్తోంది. బయటే కురుస్తోంది.

“యాది చేసింది... చేసింది గద” అంది తనలో తాను.

గంజి మీద ఆవిరి తగ్గాక ఇంకో మాట అంది.

“నీ తప్పు తప్పే పంతులూ. అది నేను మర్వ. మర్సిన అని అబద్ధం చెప్ప.”

“చెప్పొద్దు అత్తమ్మా.”

“తిను. సల్లగైతున్నది.”

తిన్నాడు. ఆమె కూడా తింది. తిన్నాక జీవరాజు మేకుకు ఉన్న తాళంచెవి తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె కప్పు వంక చూసింది. ఎక్కడా చుక్క లేదు.

“ఊరికి పోతవా?”

“తెలియడం లేదు.”

“తెల్వనప్పుడు నీ తాననే ఉంచుకో.”

మర్నాడు పొద్దున గిన్నెడు గంజి కొంగు చాటున పెట్టుకుని ఎదురింటి తలుపు తట్టింది. “నేనే సాబూ, పంతులు అత్తను. భయం లేదు, తియ్యి” అంది. తలుపు జానెడు తెరుచుకుంది. గిన్నె లోపలికి వెళ్ళింది. ఖాళీ గిన్నె కోసం ఆగకుండా అటునుంచి అటే బన్సీలాల్‌పేట దారి పట్టింది.

మళ్ళీ ఎప్పుడు వస్తుందో చెప్పలేదు.

తర్వాతి శనివారం రాలేదు. ఆ పై శనివారమూ రాలేదు.

ఊరు మెల్లమెల్లగా ఊపిరి తీసుకుంది. కొందరు తిరిగి వచ్చారు. కొందరు వెళ్ళిపోయారు. బండ్లు నడిచాయి. పర్వతాలు పెళ్ళాం పిల్లలతో దిగాడు. మూడు నెలలు మూసి ఉన్న ఇల్లు సగం కురిసి, గోడ ఒకటి నాని ఉంది. నెత్తిన చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. జీవరాజు గోడ దాటి వచ్చి కప్పెక్కాడు.

“సారూ, మీరా?” అన్నాడు పర్వతాలు నోరు తెరిచి.

“కింద నుంచి అందించు. కొట్టి, విని అందించు” అన్నాడు జీవరాజు.

మర్నాడు పొద్దున అన్నయ్యకు ఉత్తరం రాశాడు. ఇప్పట్లో రాలేనని. ఎందుకో రాయలేదు. ఎలా రాయాలో తెలియలేదు.

సాయంత్రాలు అరుగు మీద కూర్చోవడం మానలేదు. ఒక్కసారి పేరు పిలవడం మానలేదు. అన్నం వేళకు తినేవాడు. గుండీ ఊడితే కుట్టుకునేవాడు. కొన్ని రోజులు బాగుండేవి. కొన్ని రోజులు ఏమాత్రం బాగుండేవి కావు. బాగాలేని రోజున కూడా ముఖం కడుక్కుని, తల దువ్వుకునేవాడు.

సీతాఫలాల గంపలు దిగే రోజులు వచ్చాయి. వీధి వీధంతా తియ్యటి వాసన. ఒక ఆదివారం, ఆరాధన ముగిసి చర్చి మెట్లు దిగుతుంటే, ప్రహరీ బయట వేపచెట్టు నీడలో బుచ్చమ్మ నిలబడి ఉంది. ఉతికిన తెల్లచీర. నూనె రాసి దువ్విన తల. పెద్ద గుడికి ఆమె ఎన్నడూ వచ్చింది లేదు. బస్తీలోని చిన్న ప్రార్థన పాకే ఆమె గుడి.

జీవరాజు దగ్గరికి వెళ్ళాడు.

“సమాధుల తోట యాడుందో నాకు తొవ్వ ఎర్కలేదు” అంది బుచ్చమ్మ. ఆయన వంక చూడకుండా అంది. “తీస్కపోతవా?”

నడిచారు. ఆయన ముందు, ఆమె రెండడుగుల వెనుక. నిజానికి మట్టి చేసిన ఆ సాయంత్రం తర్వాత ఆయన కూడా అక్కడికి వెళ్ళలేదు. వెళ్ళే ధైర్యం చేయలేదు.

గడ్డి మోకాలెత్తు పెరిగింది. వానలకు మట్టి కుంగింది. కర్ర శిలువ పక్కకు ఒరిగింది. దాని మీది అక్షరాలు తనే రాశాడు, కన్నీళ్ళలో వంకరగా. కాంతమణి.

బుచ్చమ్మకు చదవడం రాదు. అక్షరాల మీద వేలు పెట్టి, ఒక్కొక్కటే తడిమింది.

జీవరాజు చొక్కా చేతులు మడిచాడు. గడ్డి పీకాడు. శిలువను నిటారుగా నిలిపి, మొదట్లో రాళ్ళు కూరి, మడమతో దిమ్మిసకొట్టాడు. కుంగిన చోటికి దోసిళ్ళతో మట్టి తెచ్చి పోశాడు. ఆమె ఆ మట్టిని అరచేతులతో సవరించింది — మెల్లగా, అంచుల నుంచి నడిమికి. ఆమె పనిచేస్తుండగా ఆయన ఎన్నడూ ఇంత దగ్గరగా చూడలేదు.

“నీళ్ళు సల్లాలె. మన్ను కూసుంటది” అంది. తర్వాత, “నువ్వు జెర నిమ్మలంగ రా పంతులూ.”

అర్థమైంది ఆయనకు.

తోట చివర బావి ఉంది. పాత బొక్కెన ఉంది. తోడాడు. తిరిగి నాలుగడుగులు వేసి ఆగిపోయాడు.

ఆమె మాట్లాడుతోంది.

మాటలు వినబడలేదు. గొంతు మాత్రం వినబడుతోంది — కొంచెం కోపంగా, కొంచెం బుజ్జగిస్తున్నట్టు, మధ్య మధ్య ఆగి... జవాబు కోసం చూస్తున్నట్టు.

బొక్కెన బరువుగా ఉంది. ఆయన దాన్ని కింద పెట్టలేదు. దగ్గరికీ వెళ్ళలేదు.

ఎండ ప్రహరీ గోడ దిగుతోంది. గడ్డిలో ఏదో పురుగు కూస్తోంది.

ఆమె ఇంకా మాట్లాడుతూనే ఉంది.